బోర్ కొట్టిన కాపురం, అలసిపోయిన కాపురం: రెంటికీ మందు ఒకటి కాదు

పెళ్లయి ఏడెనిమిదేళ్లు దాటిన జంటలో ఎవరైనా "ఏమీ బాగుండట్లేదు" అని నోరు విప్పితే అయినవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఒకటే: "పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి నాలుగు రోజులు అరకో ఊటీయో తిరిగి రండి." కొన్ని ఇళ్లలో ఇది నిజంగానే పనిచేస్తుంది. మరికొన్ని ఇళ్లలో ఉన్నది కాస్తా చెడుతుంది. ఎందుకంటే టికెట్లు చూడటం, బట్టలు సర్దడం, పిల్లల మందులూ యూనిఫాంలూ విడిగా తీసి అమ్మమ్మకు అప్పజెప్పడం, పాలు వద్దని చెప్పడం, పనమ్మాయికి కబురు పెట్టడం, తిరిగొచ్చాక రెండు బకెట్ల బట్టలు ఉతకడం, ఇదంతా ఎవరో ఒకరి నెత్తినే పడుతుంది. ఆ మనిషి అప్పటికే అలసిపోయి ఉంటే విహారయాత్ర కూడా ఇంకో డ్యూటీ అవుతుంది.

కాపురంలో ఉత్సాహం పోవడానికి రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి బోర్: కొత్తదనం కరువై మనసు నిద్రపోవడం. రెండోది బర్నవుట్: భారం మితిమీరి మనసు ఉడిగిపోవడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాటలు తగ్గుతాయి, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు, పక్కపక్కనే పడుకున్నా దగ్గరితనం ఉండదు. లోపల జరిగేది మాత్రం వేరు. మొదటిదానికి కదలిక కావాలి, రెండోదానికి ముందు బరువు దిగాలి. ఈ తేడా చూడకుండా ఒకదాని మందు ఇంకోదానికి వేయడం వల్లే చాలామంది "అన్నీ చేసి చూశాం, లాభం లేదు" అనే చోటికి చేరుకుంటారు.

పైకి ఒకటే, లోపల రెండు

కెనడాకు చెందిన మనస్తత్వవేత్త జాన్ ఈస్ట్‌వుడ్ బృందం 2012లో బోర్‌ను ఇలా వివరించింది: మనసు దేనిలోనైనా లీనం కావాలని కోరుకుంటుంది, కానీ తృప్తినిచ్చేదేదీ దానికి చిక్కదు. అంటే బోర్ కొట్టిన మనిషిలో శక్తి మిగిలే ఉంది, దానికి దారే లేదు. అందుకే వాళ్లు ఊరికే చిరాకు పడతారు, గంటల తరబడి రీల్స్ చూస్తారు, ఏదో వంకతో బయటికి వెళ్తారు, చిన్న గొడవను కావాలని పెద్దది కూడా చేస్తారు.

బర్నవుట్‌లో ఆ శక్తే ఉండదు. ఈ మాటను వృత్తి జీవితానికి సంబంధించి 1974లో వైద్యచర్చలోకి తెచ్చింది న్యూయార్క్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళి రూపొందించి మూడు లక్షణాలు చూపించారు: మానసికంగా పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా కాక ఓ పనిగా చూడటం, ఏం చేసినా ఫలితం లేదనిపించడం. దంపతుల మీద ఇదే కోణంలో పనిచేసింది మనస్తత్వవేత్త అయాలా పైన్స్. ఆమె 1996 నాటికి 21 అంశాలతో దంపతుల బర్నవుట్ కొలమానాన్ని వాడుకలోకి తెచ్చారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న తన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగానే గుర్తించింది. దాన్ని జబ్బు అనలేదు, జీవితంలోని ఇతర విషయాలకు ఆ పేరు వాడొద్దని కూడా చెప్పింది. కాబట్టి "నాకు పెళ్లి బర్నవుట్" అని ఏ డాక్టరూ చీటీ రాసివ్వరు. అయినా ఇంట్లో ఏం జరుగుతోందో చూడటానికి ఆ మూడు లక్షణాలు బాగా ఉపయోగపడతాయి.

ఇంటి భాషలో అవి ఇలా ఉంటాయి. మొదటిది, రాత్రంతా పడుకున్నా పొద్దున్నే అలసటతో లేవడం, సాయంత్రం బండి చప్పుడు వినగానే మనసు బరువెక్కడం. రెండోది, భర్త వచ్చాడంటే కడగాల్సిన ఇంకో కంచం, భార్య ఫోన్ చేసిందంటే తీర్చాల్సిన ఇంకో ఫిర్యాదు అనిపించడం. మూడోది, "ఈ ఇంట్లో నేనేం చేసినా ఇంతే" అన్న మాట మనసులో స్థిరపడటం. మూడో దశకు వచ్చినవాళ్లు చాలాసార్లు గొడవ పడటం మానేస్తారు. పెద్దవాళ్లు దాన్ని చూసి "ఇప్పటికి సర్దుకుంది" అని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి చర్చించే ఓపిక కూడా పోయిన స్థితి అది. సంసారం గుట్టు, రోగం రట్టు అన్న సామెత మన ఇళ్లలో ఎంత బలంగా నాటుకుందంటే, అక్కడిదాకా రాకముందు ఎవరికీ తెలియదు.

బోర్ ఎక్కడ పుడుతుంది

మనిషి మనసు దేనికైనా అలవాటు పడుతుంది. జర్మనీలో 24 వేల మందికి పైగా జనాన్ని 15 ఏళ్లు అనుసరించిన సమాచారాన్ని రిచర్డ్ లూకస్ బృందం 2003లో విశ్లేషించింది. పెళ్లితో పెరిగిన జీవిత సంతృప్తి సగటున రెండేళ్లలో పాత స్థాయికి దిగివచ్చింది. ఇది సగటు మాత్రమే. కొందరు పైనే ఉండిపోయారు, కొందరు ముందుకంటే కిందికి పోయారు. కానీ కొత్త కాపురపు ఉత్సాహం తగ్గడం అనేది ఎవరి ప్రేమలోనూ లోపం కాదని ఇందులోంచి స్పష్టంగా తెలుస్తుంది.

అలవాటు ఒక్కటే అయితే ప్రతి కాపురమూ బోర్ కొట్టాలి. కొన్నే ఎందుకు కొడతాయన్నదానికి మనస్తత్వవేత్తలు ఆర్థర్ ఆరన్, ఎలైన్ ఆరన్ 1986లో చెప్పిన సిద్ధాంతం మంచి జవాబిస్తుంది. మనిషి తన పరిధిని పెంచుకోవాలనుకుంటాడు. కొత్త సంగతులు, కొత్త నైపుణ్యాలు, కొత్త మనుషులు, లోకాన్ని చూసే కొత్త తీరు కావాలనుకుంటాడు. పెళ్లయిన కొత్తలో జీవిత భాగస్వామి ద్వారానే అదంతా వేగంగా జరుగుతుంది. ఆమె ఊరు, అతని స్నేహితులు, వాళ్లింటి పులుసు, వీళ్లింటి పండగ అన్నీ కొత్తే. రెండు మూడేళ్లకు ఆ విస్తరణ ఆగిపోతుంది. అక్కడినుంచి ఇద్దరూ కలిసి కొత్తగా ఏదీ నేర్చుకోకపోతే భాగస్వామి పక్కన ఉన్నప్పుడు తాను పెరుగుతున్నాననే భావన పోతుంది. అదే మనిషి ఆఫీసులో కొత్త ప్రాజెక్టులోనో, పాత స్నేహితుల గ్రూపులోనో చురుగ్గా కనిపిస్తే ఇంట్లోవాళ్లకు కోపం రావడం సహజం. అక్కడ విస్తరణ ఉంది, ఇక్కడ లేదు.

దీనికి తోడు ఇంకో భ్రమ ఉంది: "నాకు ఆయన సంగతి మొత్తం తెలుసు." పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, రోజూ చూసే మనిషిని మళ్లీ పరిశీలించడం మానేస్తాం. పదేళ్ల కింద తెలుసుకున్న మనిషితోనే మాట్లాడుతూ ఉంటాం. ఈ పదేళ్లలో ఆ మనిషి భయాలు మారాయి, ఇష్టాలు మారాయి, నమ్మకాలు మారాయి. అడగనందువల్ల అవేవీ మనదాకా రావు.

మన ఇళ్లకే ప్రత్యేకమైన కారణం ఇంకోటి కనిపిస్తుంది. అత్తమామలు, పిల్లలు ఉన్న రెండు గదుల ఇంట్లో దంపతులు మనసు విప్పి మాట్లాడుకునే చోటు ఉండదు. పెద్దవాళ్ల ముందు నవ్వుతూ కబుర్లాడటానికి మొహమాటం. దాంతో మాటలన్నీ సరుకులు, ఫీజులు, మాత్రల చుట్టే తిరుగుతాయి. "ఫీజు కట్టావా?" "అమ్మకు బీపీ మాత్రలు అయిపోయాయి." "గ్యాస్ బుక్ చెయ్." రోజంతా మాట్లాడుకున్నట్టే ఉంటుంది, ఒకరి గురించి ఒకరు ఒక్క మాటా అనుకోరు. పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చి ఇంటర్ కోచింగ్ దాకా వెళ్లే నాలుగేళ్లలో ఇది తారస్థాయికి చేరుతుంది. ఇల్లంతా ర్యాంకు చుట్టూ తిరుగుతుంది, కొన్ని ఇళ్లలో తల్లి పిల్లలతో కోచింగ్ ఉన్న ఊళ్లో, తండ్రి ఉద్యోగమున్న ఊళ్లో ఉంటారు. పిల్లలు హాస్టల్‌కు వెళ్లిన రోజున ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి మాట్లాడుకోవడానికి సంగతే దొరకదు.

"గొడవలేమీ లేవు కదా, బోర్ అయితే ఏమైంది?" అనుకోవడం పొరపాటు. అమెరికాలో 123 జంటలను అనుసరించిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. పెళ్లయిన ఏడో ఏట "మా కాపురం ఒకే గాడిలో పడిపోయింది" అన్నవాళ్లలో తొమ్మిదేళ్ల తర్వాత, పదహారో ఏట, సంతృప్తి తక్కువగా కనిపించింది. ఆ మధ్యలో జరిగింది ఏమిటంటే, బోర్ దగ్గరితనాన్ని తగ్గించింది, దగ్గరితనం తగ్గడం సంతృప్తిని తగ్గించింది.

కొత్తదనం అంటే ఏది, ఏది కాదు

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. 1993లో 53 జంటలతో పది వారాల ప్రయోగం జరిగింది. కొన్ని జంటలు వారానికి గంటన్నర సేపు తమకు ఆహ్లాదంగా అనిపించే పనులు చేశాయి, కొన్ని ఉత్తేజాన్నిచ్చే పనులు చేశాయి. పది వారాల తర్వాత ఉత్తేజపు పనులు చేసినవాళ్ల సంతృప్తే ఎక్కువ పెరిగింది. 2000లో ఆరన్ బృందం ఇంకా విచిత్రమైన పరీక్ష పెట్టింది. భార్యాభర్తల ఒక చెయ్యీ ఒక కాలూ పట్టీలతో కలిపి కట్టి, ఓ దిండును చేతులతోగానీ పళ్లతోగానీ పట్టుకోకుండా మోస్తూ జిమ్ మ్యాట్ల మీద పాకమన్నారు. ఏడు నిమిషాల పనే. అయినా మామూలు పని చేసిన జంటలతో పోలిస్తే వీళ్లు ఆ తర్వాత తమ బంధాన్ని మెరుగ్గా అంచనా వేశారు.

దీన్నిబట్టి చూస్తే వారం వారం అదే మల్టీప్లెక్స్, అదే బిర్యానీ హోటల్ ఆహ్లాదమే తప్ప విరుగుడు కాదు. ఫలితమిచ్చే కార్యక్రమానికి కొన్ని గుర్తులుంటాయి. అది ఇద్దరికీ కొత్తదై ఉండాలి. భర్త పదేళ్లుగా ఆడుతున్న షటిల్‌కు భార్యను తీసుకెళ్తే అతను గురువు, ఆమె శిష్యురాలు అవుతారు, విస్తరణ సగమే. విఫలమయ్యే అవకాశం కొంచెం ఉండాలి. ఒకరి సాయం ఒకరికి అవసరం పడాలి. తెర ముందు కూర్చుని చేసేది కాకూడదు. పిల్లలు వెంట ఉంటే అది కుటుంబ కార్యక్రమం, మంచిదే, కానీ లెక్కలోకి రాదు.

ఖర్చు పెద్దగా అక్కర్లేదు. ఇద్దరికీ ఈత రాకపోతే నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో అయితే ఎంఎంటీఎస్ ఎక్కి ఎప్పుడూ దిగని స్టేషన్‌లో దిగి రెండు గంటలు ఆ పేటలో నడవొచ్చు. విశాఖలో ఉంటే తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి వలల నుంచి వేలం దాకా చూసి రావొచ్చు. ఇద్దరికీ రాని భాష మొదలుపెట్టొచ్చు, పెరట్లోనో డాబా మీదో తేనెటీగల పెట్టె గురించి తెలుసుకోవచ్చు. వారానికి అరవై నుంచి తొంభై నిమిషాలు, వరుసగా పది వారాలు. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది, "ఈ వయసులో ఇదేంటి" అనిపిస్తుంది. ఎక్కువమంది అక్కడే వదిలేస్తారు. కార్యక్రమం ఎంచుకునే పని ఒక వారం ఒకరిది, మరుసటి వారం ఇంకొకరిది కావాలి. ఎప్పుడూ ఒకరే వెతికి, ఒప్పించి, లాక్కెళ్లాల్సి వస్తే ఆ మనిషి బర్నవుట్ వైపు నడుస్తారు.

రోజువారీగా చేయాల్సింది ఇంకా చిన్నది. దంపతుల బంధాల మీద పరిశోధన చేసిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కొత్త దంపతులను పరిశీలించి ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశారు. "ఆ మబ్బు చూడు" లాంటి చిన్న పిలుపులకు కాపురం నిలిచిన జంటలు 86 శాతం సార్లు స్పందించాయి, విడిపోయిన జంటలు 33 శాతం సార్లే స్పందించాయి. ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అనడం స్పందన కిందికి రాదు. భాగస్వామి మంచి వార్త చెప్పినప్పుడు ఇచ్చే స్పందన ఎంత ముఖ్యమో షెల్లీ గేబుల్ అధ్యయనాలు చూపించాయి. "మంచిదేలే" అని ఊరుకోవడం కంటే "ఎలా జరిగింది? మీ మేనేజర్ ఏమన్నాడు?" అని ఇంకో రెండు ప్రశ్నలు వేయడం బంధానికి బలం.

భారం లెక్క

బర్నవుట్ విషయానికి వస్తే ముందు అంకెలు చూడాలి. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే 2019లో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేల్చింది. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్లలో ఇద్దరి పనీ పది నిమిషాల మేర తగ్గింది, మధ్యలో ఉన్న దూరం మాత్రం అలాగే ఉంది.

గడియారానికి అందని పని ఇంకోటి ఉంది. సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింగర్ 2019లో 35 జంటలను లోతుగా ఇంటర్వ్యూ చేసి ఇంటి గురించి చేసే ఆలోచనను నాలుగు భాగాలుగా విడదీశారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. అత్తగారి షుగర్ మాత్రలనే తీసుకోండి. స్ట్రిప్‌లో నాలుగే మిగిలాయని గమనించాలి. ఏ షాపులో ఆ కంపెనీవి దొరుకుతాయో, మూడు నెలల పరీక్షకు వేళయిందేమో చూడాలి. డాక్టరును మార్చాలా వద్దా తేల్చాలి. రోజూ వేసుకుంటున్నారో లేదో కనిపెట్టాలి. షాపుకెళ్లి మాత్రలు తేవడం వీటి తర్వాత వచ్చే పని. "చెప్తే తెచ్చేవాణ్ణి కదా" అనే భర్త ఆ చివరి పనికే సిద్ధపడుతున్నాడు. నాలుగు భాగాలూ భార్య బుర్రలోనే ఉండిపోయాయి. "సాయం చేస్తున్నాను" అని అతను నిజాయితీగా అంటాడు, "అంతా నేనే చూసుకుంటున్నాను" అని ఆమె కూడా నిజాయితీగానే అంటుంది. ఈ వాదన ఎన్నేళ్లయినా తెగకపోవడానికి కారణం, ఇద్దరూ వేర్వేరు సంగతులు లెక్కపెడుతున్నారు.

కోలుకోవడం గురించి జర్మన్ పరిశోధకురాలు సబీనె సోనెన్‌టాగ్ 2007లో చేసిన పని ఇక్కడ చాలా ఉపయోగం. ఉద్యోగి అలసట తీరడానికి నాలుగు అనుభవాలు కావాలంటారామె: పని నుంచి మనసు పూర్తిగా తెగిపోవడం, సేదతీరడం, ఏదైనా కొత్తగా నేర్చుకుంటున్న తృప్తి, తన సమయం తన చేతిలో ఉండటం. ఇంటినే పనిచోటుగా చేసుకున్న మనిషికి మొదటిదే దొరకదు. మంచం మీద పడుకున్నా కుక్కర్ విజిల్ లెక్కపెడుతూనే ఉంటుంది మనసు. మనకు సెలవులంటే పండగలు. సంక్రాంతికి అరిసెలు, చుట్టాలు, పిల్లల కొత్త బట్టలు. బతుకమ్మ, దసరా కలిసి పది రోజులు. ఇంట్లో మిగతా అందరికీ సెలవైన రోజే ఆమెకు అన్నిటికంటే పెద్ద పనిదినం. ఉద్యోగం కూడా చేసే స్త్రీకి రెండు పనిచోట్లు, సెలవు ఒక్కచోట కూడా లేదు.

మగవాళ్ల అలసట వేరే రూపంలో ఉంటుంది, అది దాదాపు మాటల్లోకి రాదు. ఇంటి ఈఎంఐ, చెల్లెలి పెళ్లి అప్పు, నాన్న ఆపరేషన్, ఉద్యోగం ఊడుతుందేమోనన్న దిగులు అన్నీ ఒక్కడే మోస్తుంటాడు. పైగా తల్లికీ భార్యకూ మధ్య రోజూ రాయబారం. ఇటు చెప్పింది అటు మెత్తగా మార్చి చెప్పడం, ఎవరి పక్షం వహించినా ఇంకొకరి దృష్టిలో ద్రోహి కావడం. ఇదీ పనే, ఇదీ అలసటే. అమెరికా సమయానికి రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు నిద్ర చాలక ఓపిక పలచబడుతుంది. విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్ల మీద రెనా రెపెటి 1989లో చేసిన అధ్యయనంలో పని బాగా ఒత్తిడిగా ఉన్న రోజున వాళ్లు ఇంటికి వచ్చి మౌనంగా ముడుచుకుపోయారు. ఆ మౌనానికి కారణం భార్య కాదు, కానీ దాన్ని భరించేది ఆమే. వచ్చిన మనిషి "ఈ రోజు చాలా ఒత్తిడి, అరగంట ఇవ్వు" అని ఒక్క మాట చెబితే ఆ మౌనం ఆమెకు అవమానంగా తగలదు.

ఆశలు ఎక్కువ పెట్టుకున్నవాళ్లే ఎక్కువగా అలసిపోతారన్నది పైన్స్ పరిశీలన. జీవితానికి అర్థం మొత్తం ఈ బంధం నుంచే వస్తుందనుకున్నవాళ్లు దానికోసం ఏళ్ల తరబడి తమను ఖర్చుపెట్టుకుంటారు. ఆశించింది రాకపోతే కూలిపోతారు. ముందునుంచీ పట్టనట్టు ఉన్నవాళ్లకు బర్నవుట్ రాదు. అందుకే అలసిపోయిన భాగస్వామిని "నీకు ప్రేమ లేదు" అనడం అన్యాయం. ఎక్కువగా ప్రయత్నించింది ఆ మనిషే.

వెంటపడటం, తప్పుకోవడం

ఈ దశలో గొడవలకు ఒక మూస ఏర్పడుతుంది. ఒకరు మార్పు కోరుతూ వెంటపడతారు, ఇంకొకరు తప్పించుకుంటారు. ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హీవీ 1990లో దీన్ని విపులంగా చూపించారు. వెంటపడేకొద్దీ తప్పుకుంటారు, తప్పుకునేకొద్దీ గొంతు పెరుగుతుంది. చాలాసార్లు భార్యే వెంటపడుతుందంటే దానికి స్వభావం ఒక్కటే కారణం కాదు. మార్పు ఎవరికి అవసరమో వాళ్లు అడుగుతారు, ఉన్న పద్ధతి ఎవరికి అనుకూలమో వాళ్లకు చర్చ అక్కర్లేదు. నోరు మెదపకుండా కూర్చున్న మనిషి లోపల ప్రశాంతంగా ఉంటాడనుకోవద్దు. గాట్‌మన్ కొలతల్లో అలాంటి సమయంలో గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకోవడం కనిపించింది. ఆ వేగంలో ఎదుటి మాట బుర్రకెక్కదు. కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండాలి. అయితే తలుపు ధడాలున వేసి వెళ్లిపోతే మిగిలినవాళ్లకు అది వదిలేయడంలా తగులుతుంది. "తొమ్మిదింటికి మళ్లీ మాట్లాడదాం" అని సమయం చెప్పి వెళ్లాలి, తొమ్మిదింటికి తానే వచ్చి మొదలుపెట్టాలి.

శారీరక సంబంధం కూడా ఇక్కడే దెబ్బతింటుంది. అలసిన మనిషికి తనను ముట్టుకోవడం కూడా ఇంకో డిమాండ్‌లా అనిపిస్తుంది. భాగస్వామి దాన్ని తిరస్కారం అనుకుని మాటలో పుల్లవిరుపు చూపిస్తే కోరిక ఇంకా వెనక్కి పోతుంది. ఈ స్థితిలో ఒత్తిడి చేయకుండా, దేనికీ దారితీయనక్కర్లేని స్పర్శను కొన్ని వారాలు కొనసాగించడం మంచిది. పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం, కాళ్లు నొక్కడం చాలు.

ఏది ఏదో తేల్చుకోవడం

ఒక ప్రశ్న చాలావరకు తేడా పట్టిస్తుంది: ఏ బాధ్యతా లేని ఒక రోజు చేతికిస్తే ఏం కావాలనిపిస్తుంది? "ఎక్కడికైనా వెళ్లాలి, ఏదైనా జరగాలి" అంటే బోర్. "నన్నెవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలు" అంటే బర్నవుట్. రెండో గుర్తు విశ్రాంతి. రెండు రోజులు బాగా నిద్రపోయాక భాగస్వామి మీద చిరాకు తగ్గితే భారమే కారణం. నిద్ర చాలినా అదే నిస్తేజం ఉంటే కొత్తదనం కరువైందని అనుకోవచ్చు.

మూడో అవకాశాన్ని వదిలేయొద్దు. ఇంట్లోనే కాదు, స్నేహితుల దగ్గరా, పాటల్లోనూ, పిల్లల నవ్వులోనూ ఎక్కడా సంతోషం అనిపించకుండా రెండు వారాలకు పైగా గడిస్తే అది డిప్రెషన్ కావొచ్చు. డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పరీక్షలో 27కు 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తప్పకుండా వైద్యులను కలవాలి. ఆత్మహత్య ఆలోచనలు వస్తే మార్కులతో పనిలేదు, వెంటనే కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం, అదుపులో లేని షుగర్, గురకతో తెగిపోయే నిద్ర, ప్రసవం తర్వాతి నెలలు, నెలసరి ఆగిపోయే ముందు దశ, ఇవన్నీ మనిషిని ఇలాగే నీరసింపజేస్తాయి. కాపురాన్ని తప్పుపట్టే ముందు రక్తపరీక్షలు చేయించుకోవడం తెలివైన పని.

కొట్టడం, బెదిరించడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, పుట్టింటితో మాట్లాడనివ్వకపోవడం ఉన్నచోట ఈ వ్యాసంలోని చిట్కాలేవీ వర్తించవు. అది హింస. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, మహిళల కోసం 181 నంబరు ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మిశ్రమం: ఒకరికి బోర్, ఇంకొకరికి బర్నవుట్. అతను "మనం ఎక్కడికీ వెళ్లడమే లేదు" అంటాడు, ఆమె "నాకు ఊపిరాడట్లేదు" అంటుంది. ఇద్దరి ఫిర్యాదూ నిజమే. వరస మాత్రం ఒకటే ఉండాలి. ముందు అలసిన మనిషి బరువు దించాలి, ఆ తర్వాతే కొత్తదనం. తిరగేస్తే రెండూ పోతాయి. తమాషా ఏమిటంటే బోర్ కొట్టిన మనిషిలో శక్తి మిగిలి ఉంది కాబట్టి ఆ బరువు ఎత్తుకోగలిగింది కూడా ఆ మనిషే.

బరువు దించే పద్ధతి

ఒక వారం పాటు ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాయండి. చేసిన పనులతో పాటు గుర్తుపెట్టుకున్నవి, అడిగి తెలుసుకున్నవి, ఎవరికో గుర్తుచేసినవి కూడా రాయాలి. వారం చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఆ రోజు వాదన వద్దు, చదవడమే. చాలామంది భర్తలు భార్య కాగితం పొడవు చూసి నిజంగా ఆశ్చర్యపోతారు. భర్త మోసే డబ్బు దిగులు రాతలో చూసి భార్యలూ ఆశ్చర్యపోతారు.

తర్వాత రెండు లేదా మూడు పనులను పూర్తిగా చేతులు మార్చండి. ముక్కలుగా ఇవ్వొద్దు. "స్కూలు" ఇస్తే ఫీజు, బస్సు, యూనిఫాం, టీచర్ల మీటింగ్, స్కూలు వాట్సాప్ గ్రూపు అన్నీ అటు వెళ్లాలి. గ్రూపులో అమ్మ నంబరు తీసేసి నాన్న నంబరు పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ అది లేకపోతే గమనించే పని ఎక్కడికీ పోలేదు. ఎంతవరకు చేస్తే సరిపోతుందో మొదటే మాట్లాడుకోవాలి. "ఆదివారం రాత్రికి వారం యూనిఫాంలు ఇస్త్రీ అయి ఉండాలి" లాంటి స్పష్టత కావాలి. ఆ పైన ఆరు వారాల పాటు పర్యవేక్షణ వద్దు, గుర్తుచేయడం వద్దు. ఒకటి రెండు పొరపాట్లు తప్పక జరుగుతాయి. పిల్లాడు ఒక రోజు రంగు బట్టలు వేసుకోవాల్సింది యూనిఫాంలో వెళ్తాడు. "నీకు రాదులే, నేనే చూసుకుంటా" అని పని వెనక్కి లాక్కోవడంతోనే ఎక్కువ ప్రయత్నాలు చచ్చిపోతాయి. తీసుకున్నవాళ్లు కావాలని పాడుచేసి వదిలించుకోవడం ఇంకో వైఫల్యం. అది కనిపిస్తే మెత్తగా కాక నేరుగా మాట్లాడాల్సిందే.

కొడుకు గిన్నెలు తోమితే అత్తగారు నొచ్చుకోవచ్చు. ఆ జవాబు కొడుకే చెప్పాలి, కోడలు చెప్పకూడదు. "అమ్మా, ఇది నా పనే, నేనే అడిగి తీసుకున్నా" అంటే చాలు. వంటమనిషినో పనమ్మాయినో పెట్టుకునే స్తోమత ఉంటే పెట్టుకోండి, కానీ వాళ్లను మాట్లాడటం, రాని రోజున సర్దుకోవడం ఎవరి బాధ్యతో కూడా తేల్చుకోండి.

ప్రతి ఒక్కరికీ వారానికి మూడు గంటలు ఇంటి బయట సొంత సమయం ఉండాలి. ఆ సమయంలో కూరగాయలు తేవడం, పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపడం లాంటివి కలపొద్దు. ఇంట్లో ఉన్నవాళ్లు ప్రాణాపాయమైతే తప్ప ఫోన్ చేయకూడదు. సోనెన్‌టాగ్ చెప్పిన మొదటి అనుభవం ఇలా మాత్రమే దొరుకుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు బయటి ఒత్తిడి గురించి మాట్లాడుకోండి. పది నిమిషాలు ఒకరు, పది నిమిషాలు ఇంకొకరు. కాపురం గురించిన ఫిర్యాదులు అందులోకి తేవొద్దు, అడగకుండా సలహా ఇవ్వొద్దు. "నీదే తప్పు, నువ్వు ముందే చెప్పాల్సింది" అన్న మాటతో మరుసటి రోజునుంచి ఆ సంభాషణ ఆగిపోతుంది. అత్తమామలు ఉన్న ఇంట్లో దీనికి రాత్రి భోజనం తర్వాత డాబా మీదో వీధి చివరిదాకానో నడక సరైన మార్గం. అమెరికాలో ఒంటరిగా ఉండే జంటల్లో, ముఖ్యంగా పని అనుమతి కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండిపోయిన భార్యల విషయంలో, సమస్య తిరగబడుతుంది. మాట్లాడే చోటు ఉంటుంది, మాట్లాడే మనిషి ఒక్కరే ఉంటారు. స్నేహితురాలు, అక్క, పొరుగు, క్లాసు ఇవన్నీ తీర్చాల్సిన అవసరాలు ఒక్క భర్త మీద పడి ఇద్దరూ అలసిపోతారు. అక్కడ మొదటి మందు వారానికి రెండు రోజులైనా బయటి మనుషుల మధ్య గడపడం.

తీరని వాదాలు ఉండనే ఉంటాయి. దంపతుల మధ్య విభేదాల్లో 69 శాతం ఎప్పటికీ పరిష్కారం కానివేనని గాట్‌మన్ లెక్క. ఒకరికి పొదుపు ముఖ్యం, ఒకరికి ఖర్చు. ఒకరికి చుట్టాలు కావాలి, ఒకరికి ఏకాంతం. వాటిని గెలవాలని చూడటమే అలసటకు పెద్ద మూలం. ఎలి ఫింకెల్ బృందం షికాగో ప్రాంతంలో 120 జంటల మీద చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ఆశ కలిగిస్తుంది. ఏడాదిలో మూడుసార్లు, ఒక్కోసారి ఏడు నిమిషాలు, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి మన గొడవను చూస్తే ఏమంటాడో రాయమన్నారు. అలా రాసిన జంటల్లో బంధం నాణ్యత పడిపోవడం ఆగింది, రాయనివాళ్లలో పడిపోతూనే ఉంది. మొత్తం 21 నిమిషాల పని. దానికి నోట్‌బుక్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఒక్కరే సిద్ధంగా ఉంటే

చాలా ఇళ్లలో ఇద్దరిలో ఒకరే ఇదంతా చదువుతారు. ఆ ఒక్కరు కాగితం రాయడం, ఏడు నిమిషాల రాత, చిన్న పిలుపులకు స్పందించడం మొదలుపెట్టవచ్చు. చేయకూడనిది ఒకటుంది: అలసిపోయింది తామే అయితే, బంధాన్ని బాగుచేసే పని మొత్తం కూడా తామే నెత్తికెత్తుకోవడం. అప్పుడు ఒకే ఒక్క విన్నపం చేయండి. "నువ్వు మారాలి" అని అడిగితే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "వచ్చే ఆరు వారాలు రాత్రి వంటిల్లు పూర్తిగా నీది" అంటే తెలుస్తుంది. గొడవ జరిగిన రాత్రి కాకుండా, ఇద్దరూ తిని, కాస్త తేరుకున్న వేళ అడగండి.

మూడు నెలల్లో కదలిక లేకపోతే దంపతుల చికిత్సలో శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదై ఉన్నారో లేదో అడగొచ్చు, అడగడంలో తప్పు లేదు. దంపతుల చికిత్స మీద అనుభవం ఎంత, ఇద్దర్నీ కలిపి చూస్తారా విడిగానా, విడిగా చెప్పింది ఇంకొకరికి చెప్తారా, ఎన్ని వారాల తర్వాత ఫలితం సమీక్షిస్తారు అన్నవి మొదటి రోజే అడగాల్సిన ప్రశ్నలు. అమెరికాలో 134 జంటలతో జరిగిన పెద్ద పరీక్షలో గరిష్ఠంగా 26 సిట్టింగులు ఇచ్చారు. కాబట్టి రెండు సిట్టింగులకే తేలలేదని మానేయొద్దు. భాగస్వామి రానంటే మీరొక్కరే వెళ్లండి, వెళ్తున్నట్టు ఇంట్లో చెప్పే వెళ్లండి. దాచి వెళ్తే అదే కొత్త గొడవవుతుంది.